తూర్పుకు జరిగిన కాలువలు

తప్పు మ్యాపు చూడ్డానికి ఒప్పు మ్యాపంత అందంగానే ఉంటుంది. ఈ ముక్క నాకు ఉద్యోగంలో ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పినా వినేవాణ్ణి కాదనుకోండి. ఊరికే వచ్చే సలహా మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. ఊరికే వచ్చే వస్తువు మీద మాత్రం అపారమైన భక్తి. ఇప్పుడు చెప్పబోయే కథంతా ఆ భక్తి వల్ల జరిగిందే.

నేను పుట్టి పెరిగింది చీరాలలో, బట్టల కొట్ల మధ్య. ఎదుటివాడు ధర చెప్పగానే సగానికి అడక్కపోతే నాకు ఆ పూట అన్నం అరగదు. అమెరికా గాలికి ఈ జబ్బు తగ్గుతుందన్నారు. తగ్గలేదు. మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టిన కొత్తలో పరుపు కొనబోయి, ధర చీటీలు అంటించి ఉన్న పెద్ద షాపులో బేరమాడి రెండు దిండ్లు అదనంగా పట్టుకొచ్చాను. మా ఆవిడ అంతసేపూ కార్‌లోంచి దిగలేదు. దిండు మీద మాత్రం హాయిగానే పడుకుంది.

చాలా ఏళ్లు కార్ల కంపెనీల్లో కంప్యూటర్ల పని చేసి, చివర్లో ఒక కౌంటీ ఆఫీసులో, మన జిల్లా ఆఫీసు లాంటిదాంట్లో, చేరాను. వాన నీరు, కరిగిన మంచు ఊళ్లను ముంచకుండా భూమిలోపల పెద్ద పెద్ద గొట్టాలు వేసి ఉంటాయి. వాటి ఆలనాపాలనా మా ఆఫీసుది. అక్కడివాళ్లు వాటిని డ్రెయిన్లంటారు. నేను కాలువలంటాను, చీరాలవాడికి అదే నోరు తిరుగుతుంది. ఏ కాలువ ఎక్కడ పోతుందో కంప్యూటర్‌లో మ్యాపు మీద చూపించడం నా పని. ఆ మ్యాపు నడవడానికి ఒక కంపెనీకి ఏటా లైసెన్సు కట్టేవాళ్లం. ఒక ఏడు వాళ్లు రేటు పెంచారు. నేను ఫోన్‌లో బేరమాడాను. అవతల ఉన్నది మనిషి కాదు, మెషీను. నా జన్మలో బేరం కుదరకుండా ఫోను పెట్టేసింది అదొక్కసారే.

ఆ కోపంలో మా మేనేజరు దగ్గరికెళ్లి, ఇదే పని చేసే ఓపెన్ సోర్స్ మ్యాపు సాఫ్ట్‌వేరు ఉంది, ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని నడుపుకోవచ్చు, దానికి కొత్త మెషీను కూడా అక్కర్లేదు, స్టోర్‌రూంలో మూలపడి ఉన్న పాత సర్వర్ మీద లినక్స్ ఎక్కిస్తే చాలు అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్నొకసారి చూసి, "ఉచితమా? దేనికి ఉచితం?" అని అడిగింది. అది మా నాన్న అడగాల్సిన ప్రశ్న. ఆ రోజు నాకు అర్థం కాలేదు.

నాకు తోడుగా ఒక వరంగల్ అమ్మాయిని ఇచ్చారు. అంతకు ముందు జార్జియాలో, కమ్మింగ్ దగ్గర ఇలాంటి ఆఫీసులోనే పనిచేసి వచ్చింది. డేటాబేసులంటే ఆమెకు వంటింటి డబ్బాల్లాంటివి, కళ్లు మూసుకుని ఏది ఎక్కడుందో చెబుతుంది.

"అంకుల్, కమ్మింగ్‌ల ఇదే సెటప్ నేనే చేసిన. ఆ సెట్టింగులన్ని నేను రాస్కున్నవే, నా దగ్గరున్నయి. అవే పెడ్దమా, మొదటి సంది మళ్ల రాస్కుందమా?"

"రెడీమేడ్ ఉండగా కుట్టించుకోవడం ఎందుకమ్మా? అవే తొడుగు. ఇంకో మాట. ఆఫీసులో అంకుల్ అనకు, విన్నవాళ్లు నిన్ను నేనే తెచ్చి పెట్టాననుకుంటారు."

"సరే అంకుల్."

పని మొదలుపెట్టాం. లినక్స్ ఎక్కింది. డేటాబేస్ ఎక్కింది. దాని మీద మ్యాపు సర్వరూ ఎక్కింది. బ్రౌజర్ తెరిస్తే పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా తెల్లగా ఖాళీగా ఉంది. రెండో ప్రయత్నంలో కాలువలన్నీ కనిపించాయి, కాకపోతే ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతున్నాయి. ఇద్దరం పగలబడి నవ్వాం. అలాంటి తప్పులు మంచివి. సముద్రంలో డ్రెయిను చూసి ఎవడూ మోసపోడు. సరిచేశాం. కాలువలు పొలోమని మిషిగన్‌కి వచ్చి, వేటి వీధి పక్కన అవి బుద్ధిగా పడుకున్నాయి. నీలం గీతలు, గీతల మీద, మనిషి లోపలికి దిగే ఇనప మూతలున్నచోట నల్ల చుక్కలు. ఎంత ముద్దొచ్చిందంటే, మా ఆవిడకు ఫొటో తీసి పంపాను. "ఏంటది, ఎవరి కాళ్లు? వెరికోస్ వెయిన్సా?" అని జవాబొచ్చింది.

పాత లైసెన్సు గడువు ముగిసిన రోజునే పాత మ్యాపు ఆపించేశాను. కొన్నాళ్లు రెండూ పక్కపక్కన నడుపుదామని ఆ అమ్మాయి అంది. కొన్నాళ్లకు మళ్లీ లైసెన్సు ఎందుకని నేనన్నాను. ఇద్దరిలో పెద్దవాణ్ణి నేనే కాబట్టి నా మాటే చెల్లింది.

మా సబ్‌డివిజన్‌లో అంటే మా ఇళ్ల కాలనీలో, గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక నర్సమ్మగారుండేవారు, ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యారు. తెలుగు చర్చి కమిటీలో పెద్ద దిక్కు ఆవిడే. ఆ చర్చివాళ్లకు సొంత చోటు లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లు. ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేయడం వాళ్ల ఆనవాయితీ. కానీ పోపు వాసన గోడలకు పడుతుందని, ఆ హాలువాళ్లు వంట మాత్రం వద్దన్నారు. ఎక్కడెక్కడి నుంచో గంటల కొద్దీ డ్రైవ్ చేసుకొచ్చేవాళ్లు చల్లారిన పులిహోర, గట్టిపడిన చికెన్ కూర తిని పోయేవాళ్లు. ఈ బాధ పడలేక కమిటీ ఒక స్థలం కొంది. హాలు కట్టి, దానికి పడమటి వైపు పెద్ద వంటగది పెట్టాలని ప్లాను. నేల గడ్డకట్టేలోగా పునాది పడాలి. పడకపోతే కాంట్రాక్టరు ఇంకో పనికి పోతాడు, మళ్లీ వసంతం దాకా ఎదురుచూపులే.

ఆ ప్లాను మా ఆఫీసుకొచ్చింది. కాలువ గొట్టానికి అటూ ఇటూ కొంత జాగా ఖాళీగా వదలాలి, దాని మీద ఏ కట్టడమూ రాకూడదు. అది చూసి సంతకం పెట్టే ఇంజనీరు ఒక పొడుగాటి అమెరికన్, నెమ్మదైనవాడు, ఏ మాటైనా బాగా నమిలి గాని మింగడు. ఆయన మా కొత్త మ్యాపు తెరిచి, దాని మీద హాలు ప్లాను పెట్టి చూశాడు. కాలువ సరిగ్గా వంటగది కింద నుంచి పోతోంది.

హాలు మొత్తం తూర్పుకు జరపమన్నాడు. జరిపితే కార్లు పెట్టుకునే చోటు పోతుంది. ఆ మీటింగుకు మ్యాపు మనిషిగా నన్నూ పిలిచారు. నర్సమ్మగారు నాకు తెలిసినావిడని ఆయనకు ముందే చెప్పాను. చెప్పి ఊరుకోవాలి కదా. రెండు పక్షాల మధ్య కుర్చీ వేసి కూర్చోబెడితే, నా నోరు నా మాట వినదు. హాలు కదపొద్దు, వంటగది ఒక్కటీ తీసేద్దాం, అప్పుడు కార్ల చోటూ మిగులుతుంది, ఆమోదమూ వెంటనే వస్తుంది అన్నాను. ఇంజనీరు నమిలి, మింగి, సరేనన్నాడు. గొప్ప బేరం చేశాననుకుని నర్సమ్మగారి వైపు చూశాను. ఆవిడ బయటికొచ్చాక కార్ తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"శెట్టిగారూ, మాకు లేనిది వదిలేసి, ఉన్నదే మిగిల్చారు. దీన్ని మీ వైపు బేరం అంటారాండీ?"

"హాలు దక్కింది కదమ్మా."

"హాలు ఇప్పుడూ ఉందిగా, అద్దెకి! లేనిది పొయ్యే. ఆ పొయ్యి కోసమే కదండీ మేమింత ప్రయాస పడింది." కార్ తలుపు తెరుస్తూ, "సరే, దేవుడి చిత్తం. కానీ నా వంటగదిని మింగిన ఆ గొట్టం ఎక్కడుందో ఒక్కసారి చూపించండి. శనివారం రండి, కాఫీ తెస్తాను" అన్నారు.

కాఫీ ఉచితం కాబట్టి వెళ్లాను.

స్థలంలో గడ్డి, పాత కంకర తప్ప చూడ్డానికేమీ లేదు. కాలువ లోతున ఉంటుంది, దాని మూత కూడా కంకర కింద పూడిపోయింది. ఆవిడ ఫ్లాస్కు తీస్తుంటే నేను ఫోన్‌లో మా మ్యాపు తెరిచి రోడ్డు వరకు నడిచాను. రోడ్డు పక్కన ఇనప మూత ఒకటి కనబడితే దాని మీద నిలబడ్డాను. ఫోన్‌లో నేనున్న చోట నీలం చుక్క పడింది. మూత ఉండాల్సిన నల్ల చుక్క మాత్రం రోడ్డు మధ్యలో ఉంది, నాకు తూర్పున. ఫోన్లు అంత కచ్చితంగా ఉండవులే అనుకున్నాను. ముందుకెళ్లి ఇంకో మూత ఎక్కాను. మళ్లీ తూర్పునే, మళ్లీ అంతే దూరం. ఇంకో మూత. అంతే.

ఇక నాకు కాఫీ గుర్తులేదు. ఫోను తప్పైతే తాగినవాడిలా అటొకసారి ఇటొకసారి తూలాలి. ఇదేమో కవాతు చేసే సిపాయిలా ఒకే వైపు జరుగుతోంది. వీధి వెంట మూత కనిపించిన చోటల్లా ఎక్కి నిలబడి, ఫోను చూసి, దిగి, నడుస్తున్నాను. ఒక ఇంటాయన గరాజు తలుపు సగం తెరిచి చూసి మళ్లీ మూసేశాడు. వెనక నుంచి నర్సమ్మగారు కప్పు పట్టుకుని కేకేస్తున్నారు.

"ఏమైందండీ? షుగర్ గానీ డౌనైందా? కూర్చోండి ముందు!"

"అమ్మా, మీ వంటగదిని మింగింది గొట్టం కాకపోవచ్చు."

"మరి?"

"ఇంకా తెలీదు. ఎవరికీ చెప్పకండి."

"చర్చి కమిటీలో ఉన్నదానికి ఎవరికీ చెప్పొద్దంటారేంటండీ?" అన్నారు గానీ, చెప్పలేదు.

సోమవారం ఆ వరంగల్ అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఇంటి హద్దులు వేరే ఆఫీసు నుంచి వస్తాయి, అవి సరిగ్గానే ఉన్నాయి. చర్చి ప్లానూ సరిగ్గానే ఉంది. మా కాలువలే జరిగాయి. కౌంటీ ఈ చివర చూశాం, ఆ చివర చూశాం. అన్నిచోట్లా సుమారు ఇరవై ఆరు అడుగులు తూర్పుకు. ఉత్తరానికి దక్షిణానికి మాత్రం ఆ జరుగుడు కంటికి ఆనడం లేదు.

"తూర్పుకే ఎందుకు జరిగినయి అంకుల్? తప్పైతే రెండు దిక్కులా తప్పు కావాలె గద?"

నాకూ అదే వింతగా ఉంది. తప్పు దొరికిందన్న భయం కన్నా, ఆ తప్పుకు తూర్పంటే ఎందుకంత ఇష్టమో తెలుసుకోవాలన్న దురద ఎక్కువైంది. "మనం తూర్పు లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెడతాం?" అని అడిగాను. ఆమె వెతికి చెప్పింది. ఏ అంకెకూ మైనస్ గుర్తు రాకుండా, మా ప్రాంతానికి తూర్పు దూరాన్ని ఎంతో పడమరగా ఉన్న ఒక ఊహా గీత నుంచి అడుగుల్లో లెక్కిస్తారట. ఆ గీత ఎక్కడుందో చూస్తే పసిఫిక్ సముద్రంలో తేలింది. అక్కణ్నుంచి మా కౌంటీకి కోటీ ముప్పై లక్షల అడుగులకు పైమాటే. ఉత్తరం లెక్క మాత్రం పక్కనే, ఒహాయో సరిహద్దు దగ్గర మొదలవుతుంది.

అప్పుడు వెలిగింది. చీరాలలో మా బట్టల కొట్లో ఒకసారి గజం బద్ద కొస అరిగింది. జాకెట్టు ముక్క కొలిస్తే ఆ తేడా బ్రహ్మకు కూడా తెలియదు. ఒకరోజు బట్ట తాను మొత్తం విప్పి కొలిస్తే, మిల్లువాడు అచ్చేసిన కొలత కన్నా ఎక్కువొచ్చింది. గుమాస్తాలందరూ బట్ట పెరిగిందని సంబరపడుతుంటే, మా నాన్న ఆ బద్దను విరిచి పొయ్యిలో పెట్టారు. కొలిచే దూరం చిన్నదైతే బద్దలోని తప్పు దాక్కుంటుంది. దూరం పెరిగితే బయటపడుతుంది. ఉత్తరం జాకెట్టు ముక్క. తూర్పు తాను.

"అమ్మాయ్, మన అడుగు ఎంత పొడుగు?"

"అడుగంటే అడుగే గద అంకుల్."

"చూడు."

చూసింది. నెత్తి పట్టుకుంది. అమెరికాలో అడుగులు రెండు రకాలట. సర్వేవాళ్ల పాత అడుగు ఒకటి, ప్రపంచమంతా ఒప్పుకున్న అడుగు ఇంకొకటి. రెంటికీ తేడా పది లక్షల అడుగులకు రెండడుగులు. ఈ లెక్కలకు జార్జియాలో మొదటిది వాడతారు, మిషిగన్‌లో రెండోది. మేము కమ్మింగ్ సెట్టింగులతో పాటు జార్జియా బద్ద తెచ్చి మిషిగన్ తాను కొలిచాం. అది కాస్త పొడుగు బద్ద కాబట్టి, అదే అంకెకు కాలువలు ఇంకాస్త తూర్పుకు పోయి ఆగాయి.

"ఒక్క లైన్ అంకుల్. ఒక్క లైన్ల ఒక్క మాట. నేను చూడాల్సి ఉండె."

"రెడీమేడ్ తొడగమన్నది నేను. చేతులు పొడుగయ్యాయని కుట్టినదాన్ని అంటారా?"

ఆ లైను మార్చింది. కాలువలన్నీ ఒక్కసారిగా పడమరకు జరిగాయి. చర్చి స్థలం తెరిచి చూశాం. కాలువ వంటగది కింద లేదు. వదలాల్సిన జాగా వదిలినా, వంటగదికి కొద్ది దూరం మిగులుతోంది.

"ఇప్పుడు చెప్తే మన మ్యాపు పీకేస్తరు అంకుల్. లైసెన్సు మళ్ల కొంటరు" అంది మెల్లగా. ఆ మాట నాకూ తోచింది. ఇంజనీరు వంటగది లేని ప్లానుకు ఎలాగూ ఒప్పుకున్నాడు, మ్యాపు ఎలాగూ బాగుపడింది, నోరు మూసుకుంటే అందరూ సుఖంగా ఉంటారు. ఒక్క పొయ్యి తప్ప. కానీ ఈ మ్యాపు నమ్మి ఇంకెవరెవరు ఎక్కడెక్కడ తవ్వడానికి సిద్ధంగా ఉన్నారో మాకేం తెలుసు? తప్పు కొలత మీద బేరం ఎంత బాగా చేస్తే అంత నష్టం. నా గొప్ప బేరం సంగతి అప్పటికే చూశాం కదా.

మేనేజరు గదికి ఇద్దరం వెళ్లి చెప్పాం. ఆవిడ ఇంజనీరును పిలిచింది. ఆయన సరిచేయకముందు మ్యాపు బొమ్మ, సరిచేశాక మ్యాపు బొమ్మ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి, "ఇది సరైనదని ఎలా నమ్మను? నిన్నటిదీ ఇంతే నమ్మకంగా చూపించావు" అన్నాడు.

బట్టల కొట్లో ఇలాంటి అనుమానానికి మందు ఒకటే. "సరుకు చూద్దాం పదండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే స్థలానికి వెళ్లాం. ఊపిరి పొగలై లేస్తోంది, గడ్డి మీద మంచు కరకరలాడుతోంది. ఇంజనీరు, మా తవ్వే సిబ్బంది ఇద్దరు, నేను, ఆ అమ్మాయి, శాలువా కప్పుకుని నర్సమ్మగారు. కంకర కింద పూడిన మూత సరిచేసిన మ్యాపులో ఎక్కడుందో చూసి, ఇంజనీరు అక్కడ నారింజ రంగు జెండా పాతాడు. పాత తప్పు చుక్క ఉన్నచోట ఇంకో జెండా. ముందు ఆ తప్పు చోటే తవ్వమన్నాడు, ఆయన పద్ధతి అది. తవ్వారు. మట్టి. ఇంకా తవ్వారు. మట్టే. అప్పుడు పడమటి జెండా దగ్గర పార దిగింది. ఆ అమ్మాయి నా కోటు చెయ్యి పట్టుకుని గోళ్లు దించుతోంది. నాలుగోసారో అయిదోసారో పార ఖణేల్‌మంది.

కంకర ఊడ్చారు. గుండ్రటి ఇనప మూత, తుప్పు పట్టి, జెండాకు జానెడు దూరంలో. ఇంజనీరు వంగి టేపు పట్టి కొలిచాడు, మళ్లీ కొలిచాడు. లేచి నిలబడి చేతులు దులుపుకున్నాడు. "వంటగది కట్టుకోవచ్చు. మ్యాపూ ఉంచుకోండి. కానీ ఇకనుంచి ప్రతి కొత్త మ్యాపుకూ ఇలా ఒక మూత తవ్వి చూపించాలి" అన్నాడు.

నర్సమ్మగారు కళ్లు తుడుచుకుంటారనుకున్నాను. ఆవిడ ఆ జెండా వైపు, వంటగది గోడ రావాల్సిన చోటు వైపు మార్చి మార్చి చూస్తున్నారు. తర్వాత ఇంగ్లీషులో ఇంజనీరును చాలా మర్యాదగా అడిగారు. వంటగది తీసేశారు కాబట్టి ప్లాను ఎలాగూ మళ్లీ గీయాలి కదా? మీరు వదలమన్న జాగా వదిలాక కూడా ఇక్కడ కొంత మిగులుతోంది కదా? అయితే గోడ ఒక ఆరడుగులు పడమరకు జరుపుకుంటాం.

ఆయన నమలడం మొదలుపెట్టాడు. రెండడుగులన్నాడు.

నాకు ఒళ్లంతా పులకరించింది. అయిదనండి అని చెప్పబోయాను. ఆవిడ నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపారు.

"మీరు కాసేపు మాట్లాడకండి శెట్టిగారూ. మీరు నోరు తెరిస్తే ఈసారి హాలు పోద్ది."

తర్వాత ఆయనతో పెళ్లిళ్ల సంగతి మాట్లాడారు, పెద్ద గిన్నెల సంగతి మాట్లాడారు, చల్లారిన కూర తినే పసిపిల్లల సంగతి మాట్లాడారు. చలికి ఆయన ముక్కు ఎర్రబడింది. టేపు తీసి మరోసారి కొలిచి, "నాలుగు. అంతకు మించి ఒక్క అంగుళం లేదు" అన్నాడు. కార్ బానెట్ మీద ప్లాను పరిచి పెన్సిలుతో గోడ జరిపి గీస్తున్నాడు.

ఆ అమ్మాయి నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

"అంకుల్, నాలుగడుగులన్నడు గద, ఏ అడుగులో అడగాల్నా?"

"నాలుగడుగులకు ఏ బద్దయినా ఒకటేనమ్మా. ముందు ఆయన్ని సంతకం పెట్టనీ."